పిలిచేదెవరు, పలికేదెవరు

ఆదివారం ఆరాధన మొదలయ్యే తొలి రెండు నిమిషాల మీద మన తెలుగు సంఘాలు పెద్దగా మనసు పెట్టవు. ప్రసంగం బాగుందో లేదో ఇంటికి వచ్చాక మాట్లాడుకుంటాం. పాటలు ఎవరు పాడారో, కీబోర్డు ఎవరు వాయించారో గుర్తుంటుంది. ఆరాధనకు మనల్ని ఎవరు పిలిచారు, ఏమని పిలిచారు, దానికి మనం ఏమని పలికాం అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. అది మరచిపోదగ్గ సంగతేనా? ఈ ప్రశ్న వెనక రెండు వేల ఏళ్ల కథ ఉంది. అందులో తెలుగువాళ్ల వాటా కూడా తక్కువేమీ కాదు.

ముందు మన చుట్టూ ఉన్నది చూద్దాం. సి.ఎస్.ఐ. గుడిలో గంట ఆగాక గాన బృందం వెనక నుంచి పాడుకుంటూ వస్తుంది, జనం లేచి నిలబడతారు. లూథరన్ గుడిలో అయ్యగారు త్రియేక దేవుని నామంతో మొదలుపెట్టి నేరుగా పాపపు ఒప్పుకోలులోకి తీసుకెళతారు. కతోలిక విచారణలో ప్రవేశ గీతం, సిలువ గుర్తు, గురువు పలకరింపు వరసగా నడుస్తాయి. హెబ్రోను పద్ధతి సంఘాల్లో చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. బాప్టిస్టు సంఘాల్లో చాలాచోట్ల ఒక పెద్దమనిషి లేచి ఒక కీర్తన చదివి ప్రార్థన చేస్తారు. పెంతెకొస్తు మందిరంలో మైకు పట్టుకున్న కుర్రవాడు చేతులు పైకెత్తమంటాడు, చప్పట్లు కొట్టమంటాడు, చాలలేదు ఇంకా గట్టిగా అంటాడు.

ఇందులో ఏది మంచి పద్ధతి అని తగువు పెట్టుకోవడం తేలిక. నాకు ఆ తగువు మీద ఆసక్తి లేదు. నేను అడిగేది ఒక్కటే: పిలిచినప్పుడు జనం పలికారా? పలకడానికి వాళ్లకు ఒక మాట ఇచ్చారా? జనం నోట జవాబు లేని పిలుపు పంచాయతీ ఆఫీసు చాటింపుతో సమానం. వినేవాడు వింటాడు, విననివాడు వినడు. ఈ కొలతతో చూస్తే చరిత్రలోనూ మన ఊళ్లలోనూ కొన్ని అనుకోని సంగతులు బయటపడతాయి.

బైబిల్లోనే మొదలుపెడితే, సంఖ్యాకాండం పదో అధ్యాయంలో రెండు వెండి బూరలున్నాయి. రెండూ కలిపి ఊదితే సమాజమంతా గుడారపు ద్వారం దగ్గరికి రావాలి, ఒకటే ఊదితే పెద్దలు మాత్రమే రావాలి. అంటే పిలుపు ఎవరికోసమో మొదటి స్వరంలోనే తెలిసిపోవాలన్నమాట. తర్వాత కీర్తనల గ్రంథంలో బూర స్థానంలో మాట వచ్చింది. 95వ కీర్తన, 100వ కీర్తన, యాత్ర కీర్తనల్లో చివరిదైన 134వది, ఇవన్నీ జనాన్ని ఆరాధనలోకి లాగే పాటలు. వీటిలో 95వది గమనించదగ్గది. పిలిచేవాడు 'మీరు రండి' అని దూరంగా నిలబడి చెప్పడు, తననూ కలుపుకొని పిలుస్తాడు. మోకాళ్లూనే వరసలో తానూ ఉంటాడు. అయితే ఆ కీర్తన మధ్యలో గొంతు మారిపోతుంది. అరణ్యంలో మెరీబా దగ్గర మీ పితరుల్లాగా గుండె రాయి చేసుకోవద్దని దేవుడే మాట్లాడతాడు. ఆహ్వానంతో మొదలైన కీర్తన మందలింపుతో ముగుస్తుంది. చాలా సంఘాలు మొదటి సగం చదివి ఆపేస్తాయి. అమెరికా ఆంగ్లికన్లు 1789లో తమ ప్రార్థన పుస్తకం దిద్దుకున్నప్పుడు ఈ మందలింపును తీసేసి, ఆ చోట 96వ కీర్తన వచనాలు పెట్టుకున్నారు. చేదు లేకుండా ఆరాధన మొదలుపెట్టాలన్న కోరిక మన కాలంలో పుట్టింది కాదు.

ఇంకా ఘాటైనది ఆమోసు గ్రంథంలో ఉంది. నాలుగో అధ్యాయంలో ఆ ప్రవక్త బేతేలుకు, గిల్గాలుకు రమ్మని జనాన్ని పిలుస్తాడు, వచ్చి పాపం చేయమంటాడు, అర్పణలు తెచ్చి ఊరంతా చాటుకోండి, అది మీకు ఇష్టమే కదా అంటాడు. అది యాజకుల ఆహ్వానానికి చేసిన వెక్కిరింత. బీదల్ని నలగగొట్టి గుడికి వచ్చేవాళ్లకు ఆరాధన పిలుపు ఎలా వినిపించాలో ఆయన చేసి చూపించాడు. ఆరాధన గురించి రాసే పుస్తకాలు 95వ కీర్తనను ఉదహరించినంతగా దీన్ని ఉదహరించవు.

యూదుల సమాజ మందిరంలో ప్రార్థనకు పిలిచే పద్ధతి ఉంది. నాయకుడు దేవుని స్తుతించమంటాడు, జనం వెంటనే స్తుతిస్తూ బదులు పలుకుతారు, ఆ తర్వాతే ప్రార్థన కదులుతుంది. యూదుల పాత ధర్మ సంకలనమైన మిష్నా దీన్ని ప్రస్తావించింది. సంఘానికి ఈ పిలుపు, పలుకు జత అలా పుట్టింటి నుంచి వచ్చిందే.

మొదటి శతాబ్దాల క్రైస్తవులకు ఆదివారం సెలవు లేదు. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తి ట్రాజనుకు రాసిన ఉత్తరంలో, వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే చేరి క్రీస్తును దేవుడిలా కీర్తిస్తూ పాడుకుంటారని చెప్పాడు. 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత ఇంకా వివరంగా రాశాడు. పట్నాల నుంచీ పల్లెల నుంచీ అందరూ ఒకచోటికి వస్తారు, సమయం ఉన్నంతసేపు అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో చదువుతారు, అధ్యక్షుడు హెచ్చరిక చెబుతాడు, అందరూ లేచి ప్రార్థిస్తారు. జస్టిన్ చెప్పినదాంట్లో ప్రత్యేకమైన పిలుపేదీ కనిపించదు. రావడమే జవాబు. పట్టుబడితే ప్రాణం పోయే కాలంలో తెల్లవారుజామున వచ్చి కూర్చున్నవాణ్ణి ఇంకా ఏమని పిలుస్తారు?

క్రమం తర్వాత స్థిరపడింది. 5వ శతాబ్దం మొదట్లో హిప్పో పట్నంలో ఒక ఈస్టరు ఉదయం గురించి అక్కడి బిషప్పు అగస్టీన్ 'దేవుని నగరం' చివరి భాగంలో రాశాడు. జబ్బు నయమైన ఒక యువకుణ్ణి చూసి గుడి నిండా కేకలు, సంతోషంతో గోల. అగస్టీన్ జనం ముందుకు వచ్చి పలకరించాడు, కేకలు ఇంకా పెరిగాయి, చివరికి నిశ్శబ్దం అయింది, వాక్య పఠనం మొదలైంది. ఒక పలకరింపు, ఒక నిశ్శబ్దం, అంతే ఆరంభం. దానికి ముందు చేర్చిన పాటలూ ఊరేగింపులూ తర్వాతి కాలపు పని.

పిలుపు, పలుకు అనే జతకు అందరికంటే స్పష్టంగా కారణం చెప్పినవాడు కార్తేజీ బిషప్పు సిప్రియన్. 3వ శతాబ్దం మధ్యలో ప్రభువు ప్రార్థన మీద రాసిన చిన్న పుస్తకంలో, యాజకుడు ముందుగా హృదయాలను పైకెత్తమని జనాన్ని పిలుస్తాడని, ప్రభువు వైపు ఎత్తుకున్నామని జనం బదులిస్తారని చెప్పాడు. ఆ బదులు ఎందుకంటే, తాము ప్రభువును తప్ప ఇంకేదీ తలచకూడదని వాళ్లకే గుర్తు రావడానికి. ఈ సంభాషణ నేటికీ తూర్పు, పడమరల్లోని చాలా సంఘాల రొట్టె ద్రాక్షారసాల ప్రార్థనకు ముందు నిలిచి ఉంది. ఇది ఆరాధన మొదట్లో వచ్చేది కాదు, బల్ల దగ్గరికి వచ్చేటప్పటిది. అయినా సిప్రియన్ చెప్పిన కారణం మొదటి నిమిషానికీ సరిపోతుంది. మనిషి తన నోటితో ఒప్పుకున్నాక ఆ పనిలో తాను భాగస్తుడవుతాడు.

దీనికి ఎదురు మాట కూడా ఆ కాలంలోనే ఉంది. యెరూషలేము బిషప్పు సిరిల్ పేరుతో ఉన్న ఉపదేశాల్లో, నోటితో ఎత్తుకున్నామని చెప్పి మనసును లోకపు చింతల్లో ఉంచేవాడు ఇక్కడ ఉండకూడదన్న హెచ్చరిక ఉంది. అంటే జవాబు పెట్టినంత మాత్రాన మనసు రాదు. చిలక పలుకులు అప్పుడూ ఉన్నాయి. లిఖిత క్రమం మీద మన స్వతంత్ర సంఘాలు చేసే ఫిర్యాదుకు పదహారు వందల ఏళ్ల వయసుంది, అందులో నిజమూ ఉంది. కాని చిలక పలుకుకు విరుగుడుగా జనం నోరు కట్టేయడం మాత్రం నాకు వైద్యంగా కనిపించదు.

321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారాన్ని న్యాయస్థానాలకూ పట్నాల్లోని పనివాళ్లకూ విశ్రాంతి దినం చేశాడు. పొలం పని చేసేవాళ్లకు మినహాయింపు ఇచ్చాడు, అదను తప్పితే పంట పోతుందని. ఆ మినహాయింపు తెలుగు పల్లెకు బాగా అర్థమవుతుంది. 19వ శతాబ్దపు చివర్లో సంఘాల్లో చేరిన మాల మాదిగ కుటుంబాల్లో ఎక్కువమంది కూలి మీద బతికినవాళ్లు. నాట్ల కాలంలో, కోతల కాలంలో ఆసామి పిలిస్తే ఆదివారమైనా వెళ్లాల్సిందే. అందుకే పల్లెల్లో అసలైన ఆరాధన రాత్రి జరిగేది. కూలి నుంచి వచ్చి, కూడు తిని, ఉపదేశి ఇంటి ముందో బడి పాకలోనో లాంతరు చుట్టూ చేరేవాళ్లు. దోర్నకల్ అధ్యక్ష మండలంలో బిషప్ వి.ఎస్. అజరయ్య హయాంలో ప్రతి రాత్రి ప్రార్థన పల్లె సంఘాలకు ఆయువుపట్టు. 1912లో బిషప్పు అయిన ఆయన ఇండియాలో ఆ పదవి పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్.

ఆ పల్లెల్లో పిలుపు గంటతో వచ్చేది. గంట లేని చోట వేలాడదీసిన ఇనప పట్టా ముక్క ఉండేది. దీన్ని విదేశీ అలంకారమని కొట్టేయడం సులువే. కాని ఊరి గుడి గంట వినడమే తప్ప కొట్టే అవకాశం లేని మనుషులు తమ పేటలో తమ గంట తామే కొట్టుకున్నారు. తమ పిలుపు తమ చేతుల్లోకి వచ్చింది. డప్పు చాలాకాలం ఆ చోటికి రాలేకపోవడానికీ ఇక్కడే కారణం వెతకాలి. చావుకూ చాటింపుకూ వెట్టిగా వాయించిన డప్పును ఆరాధనకు తేవడానికి వాళ్ల పిల్లలు, మనుమలు ఆత్మగౌరవంతో దాన్ని తిరిగి చేతబట్టే కాలం రావాల్సి వచ్చింది.

గంట స్థానంలో ఇప్పుడు మైకు వచ్చింది. ఆదివారం తెల్లవారకముందే మందిరం మీది లౌడ్‌స్పీకరు క్యాసెట్ పాటలతో, ఇప్పుడైతే యూట్యూబ్ పాటలతో, ఊరంతటినీ లేపుతుంది. మద్రాసులో ఒక పెంతెకొస్తు సంఘం మీద ఇరుగుపొరుగు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2000 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఏ మతమూ పక్కవాడి శాంతిని చెడగొట్టి, మైకులతో డోళ్లతో ప్రార్థన చేయమని చెప్పదన్నది ఆ తీర్పు సారం. సంఘాలకు అది కష్టంగా తోచింది కాని నాకు న్యాయంగానే తోచింది. ఊరిని లేపడానికి వాడే శబ్దంలో వచ్చినవాళ్లను పలికించే పని లేదు. అది బయటికి చూస్తుంది, లోపలికి కాదు.

ఐరోపా మఠాల నుంచి ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ రాసిన మఠ నియమాల్లో రాత్రి ప్రార్థన మొదట్లోనే 95వ కీర్తన రావాలి. ఆ కీర్తనను బాగా సాగదీసి, నెమ్మదిగా పాడమని ఆయన మరో అధ్యాయంలో ప్రత్యేకంగా చెప్పాడు. ఎందుకంటే అది అయ్యేలోపు వచ్చినవాడికి ఆలస్యం లెక్కకు రాదు. అది ముగిశాక వచ్చినవాడు తన స్థానంలో నిలబడకూడదు, అందరికంటే చివర నిలబడాలి. నిద్ర కళ్లతో నడిచి వచ్చే మనిషి మీద జాలి, బద్ధకం మీద కోపం, రెండూ ఒకే నియమంలో ఉన్నాయి. పదిన్నర ఆరాధనకు పదకొండుంబావుకు జనం నిండే మన మందిరాల పెద్దలు దీన్ని చదవాలి. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసమని మనం మొదటి అరగంటను పాటలతో నింపుతాం. ఆయన మాత్రం ఆ కాస్త సమయాన్నే పిలుపుగా మలిచాడు.

సంస్కరణ కాలంలో దారులు చీలాయి. ఇంగ్లండు ప్రార్థన పుస్తకం 1552 కూర్పులో ఆరాధన ముందు ఒక చిన్న ఉపదేశం చేరింది. మనం ఎందుకు కూడుకున్నాం అన్నదానికి అది కారణాలు చెబుతుంది: కృతజ్ఞత, స్తుతి, వాక్యం వినడం, అవసరాలు అడగడం. వెంటనే జనమంతా మోకరించి ఒకే గొంతుతో పాపం ఒప్పుకుంటారు. పిలుపుకు జవాబుగా ఒప్పుకోలు రావడం నాకు నచ్చే ఏర్పాటు. సంస్కర్త కాల్విన్ 1542లో జెనీవా కోసం అచ్చువేసిన క్రమం ఇంకా క్లుప్తం. 124వ కీర్తన చివరి మాటతో, అంటే మన సహాయం భూమ్యాకాశాలు చేసిన ప్రభువు పేరులో ఉందన్న ఒప్పుకోలుతో, ఆరాధన తెరుచుకుంటుంది. దాని తర్వాత మరో పలకరింపు అక్కర్లేదు.

1645లో ఇంగ్లండు పార్లమెంటు ప్రార్థన పుస్తకాన్ని పక్కనపెట్టి వెస్ట్‌మినిస్టర్ సభ రాసిన ఆరాధన నిర్దేశాన్ని తెచ్చింది. దేవుని మహా నామాన్ని ఆరాధించడానికి జనాన్ని గంభీరంగా పిలిచి, ఆ తర్వాత బోధకుడు ప్రార్థనతో మొదలుపెట్టాలని అందులో ఉంది. నేడు ఇంగ్లీషు సంఘాలు ఆరాధన పిలుపు అనే దానికి మూలం ఇదే. అదే పత్రం జనానికి చెప్పినవి చూడండి: వేరే పుస్తకాలు చదవొద్దు, గుసగుసలాడొద్దు, వచ్చేవాళ్లకు నమస్కారాలు పెట్టొద్దు, దిక్కులు చూడొద్దు, నిద్రపోవద్దు. పిలుపు గంభీరమైంది, జనం నోరు మూతపడింది. పాత పుస్తకంలోని జవాబులన్నీ ఆ దెబ్బతో పోయాయి. తర్వాత అమెరికా సరిహద్దు ప్రాంతాల్లో ఉజ్జీవ కూటాలు బయలుదేరి, ప్రసంగానికి ముందువన్నీ వేడి పుట్టించే పాటలుగా మారాయి. మన ప్రాంతానికి వచ్చిన అమెరికా బాప్టిస్టుల వెనక ఈ రెండు వారసత్వాలూ ఉన్నాయి. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ జనానికి అచ్చు క్రమం చేతిలో పెడితే చదివేవాళ్లు తక్కువ. బోధకుడు పిలవడం, జనం వినడం అనే అలవాటు అక్కడ స్థిరపడడంలో వింత లేదు.

కాని అది పూర్తి కథ కాదు. చదువు రాని సంఘం నోరు తెరిపించిన పని కీర్తన చేసింది. తెలుగు క్రైస్తవం ఈ ప్రశ్నకు ఇచ్చిన సొంత సమాధానం అదేనని నా అభిప్రాయం. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890), ఆయన తర్వాతివారు కట్టిన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం తాళం పేర్లతో సహా అచ్చయ్యాయి. సంఘాల మధ్య ఎన్ని గోడలున్నా ఆ పుస్తకం లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. అన్న తేడా లేకుండా ఇళ్లలోకి వెళ్లింది. ఆ స్తుతి కీర్తనల్లో చాలావాటిలో పాడేవాడు తన మనసునే పిలుస్తాడు. ఓ మనసా, లేచి దేవుని స్తుతించు అన్న ధోరణి. ఇది దావీదు 103వ కీర్తనలో తన ప్రాణంతో మాట్లాడిన తీరు, మన వాగ్గేయకారులు మనసును బుజ్జగించి మందలించిన తీరు. రెండూ ఇక్కడ ఒకచోట కలిశాయి. అయ్యగారు జనాన్ని పిలవడం లేదు, జనం ఒకరినొకరు పిలుచుకోవడం కూడా కాదు. గుడిలో ఉన్న ప్రతి మనిషీ తనను తానే పిలుచుకుంటున్నాడు, తానే పలుకుతున్నాడు. పైగా ఉపదేశి ఒక చరణం ఎత్తుకుంటే జనం దాన్ని అందుకొని పల్లవికి తిరిగి వస్తారు. అక్షరం రాని ముసలమ్మకు కూడా తన వంతు మాట ఉంది. వెస్ట్‌మినిస్టర్ పెద్దలు తీసేసినదాన్ని పల్లెలో డోలక్ మళ్లీ తెచ్చింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక, 1950లో వచ్చిన దాని ప్రభు భోజన క్రమం ప్రపంచమంతటి ఆరాధన పండితుల దృష్టిలో పడింది. బైబిలును ఊరేగింపుగా లోపలికి తెస్తుంటే జనం లేచి నిలబడతారు, అధ్యక్షుడు బల్ల వెనక జనం వైపు తిరిగి నిలబడతాడు, జనం జవాబులు పుష్కలంగా ఉంటాయి. ఎవరు పిలుస్తున్నారన్నదానికి దాని సమాధానం మాటలో లేదు, చేతుల మీద లోపలికి వచ్చే గ్రంథంలో ఉంది. నా దృష్టిలో 20వ శతాబ్దపు ఆరంభ క్రమాలన్నిటిలో ఇది మేలైనది. చాలా పట్నపు గుళ్లలో ఇప్పుడు బైబిలు ముందే బల్ల మీద ఉంటోంది, గాన బృందం మాత్రం ఊరేగుతోంది. ఇది చిన్న మార్పు కాదు.

కతోలికులు రెండో వాటికన్ మహాసభ తర్వాత తమ భాషలోకి వచ్చారు. భారత బిషప్పులు కోరిన పన్నెండు మార్పులకు 1969లో రోము అనుమతి ఇచ్చింది. చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించడం, దీపం, హారతి వాటిలో ఉన్నాయి. జోడించిన చేతులతో గురువూ జనమూ ఒకరికొకరు ఎదురు నిలవడంలో పిలుపు, పలుకు రెండూ మాట లేకుండానే ఉన్నాయి. దాని మీదికి వ్యాఖ్యాత ఒక పేజీ ముందుమాట చదివితే అది చెడుతుంది. పూజ నియమావళి కొద్ది మాటలు మాత్రమే అనుమతించింది.

బక్త్‌సింగ్ (1903–2000) వెలుగులో నడిచిన హెబ్రోను పద్ధతి సంఘాలు, 1938 నుంచి ఫాదర్ ఎం. దేవదాసు నడిపిన బైబిలు మిషను, ఈ రెండూ వేరే దారి పట్టాయి. మొదటిదాంట్లో ఆదివారం ఉదయం విశ్వాసులే ఒకరి తర్వాత ఒకరు స్తుతి చెల్లిస్తారు. రెండోదాంట్లో ప్రభువు సన్నిధిలో మౌనంగా కనిపెట్టడానికి పెద్ద చోటుంది. మైకు పట్టుకున్న నాయకుడు లేకుండా ఆరాధన మొదలవ్వగలదని ఇవి రెండూ నిరూపించాయి. చిక్కు కూడా ఉంది. స్వేచ్ఛగా సాగే స్తుతిలో అలవాటైన నలుగురు పెద్దల గొంతులే ప్రతి వారం వినిపించడం, కొత్తగా వచ్చినవాడు చివరిదాకా మూగగా కూర్చోవడం ఎవరూ కాదనలేరు.

ఇక నేటి స్తుతి ఆరాధన. హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లోని పెద్ద మందిరాల్లో తెర మీద అంకెలు తగ్గుతూ వస్తాయి, సున్నా కాగానే దీపాలు మారతాయి, బృందం అందుకుంటుంది. జనం నోరు తెరవడం లేదని ఇక్కడ అనలేం. కేకలు, చప్పట్లు, హల్లెలూయలు ఉన్నాయి. నా అభ్యంతరం వేరు. మళ్లీ మళ్లీ 'ఇంకా గట్టిగా' అని అడిగించుకునే జవాబు పిలిచినవాడికే చేరుతుంది. ఎలుగెత్తిన వెయ్యి గొంతుల్లో ఎవరైనా ఆ నిమిషంలో ఏమి ఒప్పుకున్నారో చెప్పగలరా? 95వ కీర్తనలో ఆ స్పష్టత ఉంది: ఆయన సృష్టికర్త, మేము ఆయన మంద. శబ్దానికి కారణం అదే.

దీనికి విరుగుడుగా పాశ్చాత్య సంఘాల్లో రాతపూర్వక పిలుపులు వెల్లువెత్తాయి. నాయకుడి వాక్యం మామూలు అక్షరాల్లో, జనం వాక్యం ముదురు అక్షరాల్లో, ఆ వారం పాఠాల ఇతివృత్తానికి తగ్గట్టు. 1992లో సవరించిన మూడేళ్ల పాఠాల పట్టిక వచ్చాక ప్రతి ఆదివారానికీ ఇలాంటివి తయారుచేసే రచయితలు పుట్టుకొచ్చారు. సి.ఎస్.ఐ. క్యాలెండరు కూడా ప్రతి ఆదివారానికి ఒక అంశం ఇస్తుంది కనుక మన దగ్గరా పర్యావరణ ఆదివారమో దళిత విమోచన ఆదివారమో వస్తే ప్రత్యేక క్రమం అచ్చవుతుంది. వీటిలో మంచివి ఉన్నాయి, అప్పుడప్పుడు ఆమోసు గొంతు వినిపిస్తుంది. ఎక్కువభాగం మాత్రం ప్రసంగానికి ముందే ప్రసంగం. తొలిసారి కాగితం చూస్తూ జనం కూడబలుక్కునే వాక్యం ఎవరి గుండెలోంచీ రాదు. పైగా ఇంగ్లీషు నుంచి దించిన తెలుగు అయితే నోరు తిరగదు. సిప్రియన్ జనం నోట ఉన్నది మూడు నాలుగు మాటలు, కంఠతా వచ్చినవి. కంఠతా రాని జవాబు జవాబు కాదు.

పిలిచాక కూర్చోబెట్టే చోటు మాటేమిటి? యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటూ బీదవాడికి కాళ్ల దగ్గర చోటూ చూపించే సంఘాన్ని నిలదీస్తుంది. ఒకే ఊళ్లో, ఒకే మిషను వారసత్వంలో, మాల గుడి మాదిగ గుడి అని రెండు గంటలు మోగే చోట్లు మనకు తెలుసు. రెండు గుళ్లలోనూ పాడేది ఒకే కీర్తనే. ఎవరికి ఎవరు పిలుపు పంపుకుంటారో పెళ్లిళ్లలో తేలిపోతుంది. వేదిక ముందు వరసలో దాతలకు కుర్చీలు వేసే పట్నపు సంఘాలు కూడా ఈ నింద తప్పించుకోలేవు. రెండు బూరలూ ఊదాల్సిన చోట ఒక్కటే ఊదుతున్నారు.

ఆదివారం అన్న మాట కూడా అందరికీ ఒకలా లేదు. కువైటులో కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి ఇళ్లలోనూ సైట్ల మీదా పనిచేసే తెలుగువాళ్లకు సెలవు శుక్రవారం. వాళ్ల ప్రభు దినారాధన శుక్రవారమే జరుగుతుంది. ఇంటి యజమాని బయటికి పంపితేనే రాగలిగే పనిమనుషులు ఆ కూటంలో ఉంటారు. వాళ్ల ఆరాధనకూ జస్టిన్ కాలపు ఆరాధనకూ పోలిక దగ్గరగా ఉంది. రావడమే సగం జవాబు. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ ఆదివారమే వచ్చింది. ఆ తర్వాత జూన్ 8 దాకా గుళ్లు మూసే ఉన్నాయి. ఫోను తెరలోంచి అయ్యగారు పిలిచారు. జనం వ్యాఖ్యల పెట్టెలో ఆమేన్ అని టైపు చేశారు. దాన్ని నవ్వులాటగా తీసిపారేయలేం, మనుషులు ఎలాగైనా పలకాలనుకున్నారు. గుళ్లు తెరిచాక చాలాచోట్ల ఆ ఆమేన్ కూడా మళ్లీ నోటికి రాలేదు.

క్రమం రాసేవాళ్లకూ, మైకు పట్టుకునేవాళ్లకూ నా విన్నపం ఇదీ. ప్రకటనలు, స్వాగతాలు, పుట్టినరోజులు ఆరాధన చివరికి జరపండి. 134వ కీర్తన మూడే వచనాలు. మొదటి రెండూ జనం చేత చదివించండి, మూడోది అయ్యగారు చదవనీండి. ఒక ఏడాది పాటు మార్చకుండా ప్రతి వారం అలాగే మొదలుపెట్టండి, అందరికీ నోటికి వచ్చేదాకా. దానికి కాగితం, తెర, కీబోర్డు ఏదీ అక్కర్లేదు. అర నిమిషం పడుతుంది.